మైనస్ నలభై

జూన్ ఆఖరు. కారస్యోక్‌లో సూర్యుడు
ఇంటికి పోవడం మానేసి నెల దాటింది.
రాత్రి పదకొండింటికి షెడ్డు తలుపు బార్లా తీసి
దోమల్ని తిట్టుకుంటూ బ్రేకు డిస్కులు తోముతుంటే
ఎర్ర వ్యాను ఆగింది.
అద్దాలన్నీ దించుకుని, చెమటతో రావ్నా.

"దీనికింకా చలికాలం పోలేదు" అంది.
డ్యాష్‌బోర్డు మీద మైనస్ నలభై,
పక్కన వెలుగుతూ మంచుపువ్వు గుర్తు.
హీటరేమో ఆ అంకెను నమ్మేసి
కాళ్ళకీ మొహానికీ వేడి ఊదుతోంది,
చాలన్నా వినకుండా కొసరి వడ్డించే మేనత్తలా.

రావ్నా ఇంటింటికీ తిరిగే నర్సు.
నది వెంట పదకొండు గడపలు.
కొందరికి కట్లు, కొందరికి ఇన్సులిన్,
ఒక ముసలామెతో ఉత్తినే కాఫీ.

"ఎండాకాలంలో దీంతో పనేముంది?
చెయ్యి బయట పెడితే తెలీదూ?" అన్నాను.
తాళాల గుత్తిని వేలికి చుట్టుకుంది.
"అక్టోబరులో, వంతెన మీద,
ప్లస్ ఒకటికీ మైనస్ ఒకటికీ తేడా
చేతికి తెలీదు ఇస్సాత్.
చక్రానికి తెలుస్తుంది, కాస్త ఆలస్యంగా."
ఆమెకు ముందు ఆ దారిన తిరిగిన నర్సు
ఇప్పుడు రెండు కర్రల మీద నడుస్తుంది.
నేను టార్చి వెతుక్కున్నాను.

మైనస్ నలభై చలి కాదు.
అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోతే
కంప్యూటరు తన అట్టడుగు మెట్టు మీద కూలబడుతుంది,
తలుపు కొట్టినా పలకని ఇంటి ముందు
చెడ్డదే ఊహించుకునే మనిషిలా.

ముందు బంపరు వెనక సెన్సరు,
చింతగింజంత నల్లటి ముక్క.
మార్చిలో రెయిన్‌డీర్ గుద్దినప్పుడు
ఆ బంపరు మార్చింది నేనే.
ప్లగ్గు పెట్టడం మర్చిపోయానా అని
పొట్టలో ఒక పురుగు తొలిచింది.
పెట్టాను. గట్టిగానే పెట్టాను.

సెన్సరు ఊడదీసి మీటరు తగిలించాను.
గుప్పెట్లో ఉంచితే ఓములు దిగాయి.
ఐసుముక్కల గ్లాసులో ముంచితే
ఎక్కాయి, ఇంకా ఎక్కాయి.
చలికి మొండికేయడం, వేడికి మెత్తబడడం
దాని ధర్మం. అది తప్పలేదు.
ప్లగ్గులోని రెండు పిన్నుల్నీ చిన్న తీగతో కలిపాను.
వైరు బాగుంటే అంకె నెత్తికెక్కాలి.
కదల్లేదు.

ఇక పాకుడు. వీపు కింద కంకర,
చెవిలో దోమ, పళ్ళ మధ్య టార్చి.
కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు,
నాకు ఎలుక కూడా దక్కలేదు,
దాని పంటిగాట్లు, పిడికెడు గడ్డి,
ఎక్కడో పీక్కొచ్చిన ఎర్ర ఉన్ని.
తెగిన వైరు గూట్లోకి వేలాడుతోంది.

పైన క్లిప్పుకు బిగించి ఉంటే
ఆ పళ్ళకు అందేది కాదు.
క్లిప్పు నా డబ్బాలోనే ఉంది, మార్చి నుంచీ.

అతికాను, టేపు చుట్టాను, క్లిప్పు కొట్టాను.
తాళం తిప్పితే మళ్ళీ మైనస్ నలభై.
రావ్నా నవ్వింది.
"నడపాలి" అన్నాను. "చలిని ఇట్టే నమ్ముతుంది.
వేడంటే మాత్రం ఇంజను మోసమేమోనని అనుమానం,
గాలి తగిలితే గానీ ఒప్పుకోదు."

నది పక్కన పోనిచ్చింది.
మైనస్ ముప్పై ఒకటి. బర్చి చెట్లు.
మైనస్ ఇరవై. ఎవరిదో పడవ, బోర్లా.
మైనస్ పన్నెండు దగ్గర క్లిప్పు సంగతి చెప్పాను.
ఆమె రోడ్డునే చూస్తోంది.
సున్నా దాటింది. ఐదు దగ్గర మంచుపువ్వు ఆరిపోయింది.
హీటరు గొంతు తగ్గింది.
"ఎలుక పిల్లలున్నాయా గూట్లో?" అంది, అంతే.
లేవన్నాను.

తిరిగొచ్చేసరికి పదకొండు.
షెడ్డు గోడ మీది పాత థర్మామీటరు పదమూడంటోంది.
ఎవరిది నిజమో నేనూ చెప్పలేను.
బిల్లు రాయబోతే పెన్ను లాక్కుని
తెల్ల టేపు ముక్క మీద "రెండు కలుపు" అని రాసి
అంకె కింద అంటించుకుంది.
అద్దం సగం ఎక్కించి,
"అక్టోబరు మొదటి వారం వస్తాను,
బంపరు కింద చూడాలి" అంది.